షేర్ ఆటోలో ఏడో పాట

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. షిఫ్టులో ఉంటే పాట మీద ధ్యాస, పాట దగ్గర కూర్చుంటే అది ఊరంతా తెలిసిపోవాలన్న ఆత్రం. హోసూరు పక్కన మూకండపల్లిలో ఫ్యాక్టరీ కుర్రాళ్లం నలుగురం కలిసి ఒక రాక్ బ్యాండు పెట్టుకున్నాం. డ్రమ్ములు మా బావవి, మాటలు నావి. (గొంతు కూడా నాదే. మిగతావాళ్లు ఇంకా అధ్వాన్నం.) విడివిడిగా నెట్‌లో పెట్టిన సొంత పాటలు మూడు, మా పద్ధతిలో మళ్లీ వాయించిన పాత సినిమా పాటలు నాలుగు పోగయ్యేసరికి, అన్నిటినీ కలిపి ఒక ఆల్బమ్ చేద్దామనుకున్నాం.

ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గర తగువొచ్చింది. సంగీతం మీద మా లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ని నేను. (ఉన్నవి రెండే. ఒకటి కచేరీ మర్యాదల గురించి, ఇంకొకటి హార్మోనియం మరమ్మతు గురించి.) శ్రోతను మెల్లగా సిద్ధం చేసి, బరువైనదాన్ని చివర్లో అందించాలని వాళ్లకు చాలాసేపు బోధించాను. అందుకని తెలిసిన పాటలు ముందు, మా పాటలు వెనక, వాటిలో నాకు ప్రాణమైనది అన్నిటికన్నా చివర.

"అంతసేపు వినేవాళ్లు ఉండల్ల కదప్పా," అన్నాడు బావ. పుస్తకం ముట్టనివాడి మాట కదా అని కొట్టిపారేశాను.

ఆల్బమ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, హోసూరు బస్టాండు నుంచి మూకండపల్లికి షేర్ ఆటో తోలే మా చిన్నాయనకు ఇచ్చాను. వరస మార్చనని, ఏ పాటనూ దాటించనని ఆయన చేత ఒట్టు కూడా వేయించుకున్నాను. తెలియని మనిషి ఒక్కరు నా చివరి పాట వింటే చాలు, ఆ ముఖం నేను చూడాలి. సెలవు రోజున వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాను. నాలుగో పాట సగంలో ఉండగా మూకండపల్లి వచ్చేసింది, అందరూ దిగిపోయారు. బండి ఆపి మళ్లీ తీస్తే మళ్లీ మొదటి పాట. సాయంత్రం దాకా అలా పోతూ వస్తూనే ఉన్నాను. కాస్త నిదానంగా పొమ్మని బతిమాలితే, "ఇంకా నిదానమంటే నువ్వు దిగి తోయల్ల," అన్నాడు చిన్నాయన.

పొద్దు గూకే వేళకు వంతెన కింద ఒక లారీ అడ్డంగా ఆగిపోయింది. ముందూ వెనకా బండ్లే. అందరూ లారీవాణ్ని తిడుతుంటే నా ప్రాణం లేచొచ్చింది. ఐదో పాట, ఆరో పాట. కానీ విసుగెత్తి ఒక్కొక్కరే దిగి నడిచిపోతున్నారు. ఏడోది మొదలయ్యేసరికి, గంపెడు గులాబీలు మోసుకుని నడవలేక ఒక పెద్దమ్మ మాత్రం మిగిలింది. ఆమె కదలకుండా చివరిదాకా విన్నది.

"ఇదెవురి పాటప్పా?" అని అడిగింది. చిన్నాయన అద్దంలోంచి నన్ను చూపించాడు. కచేరీ పుస్తకంలో చెప్పిన వినయంతో తల వంచాను.

"బాగుండాది గానీ, యాడికి పోవల్లని నాయనా నీకంత తొందర? ఎవురన్నా తరుముకొస్తా ఉండారా?"

ఇంటికొచ్చి బావకు బాగుందన్న ముక్క వరకే చెప్పాను.

ఇప్పుడు రోజూ కంపెనీ బస్సులో బెంగళూరుకు పోతున్నాను. చెవిలో అదే ఆల్బమ్, అదే వరస. ఈ ట్రాఫిక్‌లో శ్రోతను ఎంత మెల్లగానైనా సిద్ధం చేయవచ్చు. ఏడో పాటలో, అప్పటి నా గొంతుతో, ఆ కుర్రాడు ఇంకా ఆయాసపడుతూ పరుగెత్తుతూనే ఉంటాడు. వాడు ఎక్కడికి పోవాలనుకున్నాడో గుర్తు తెచ్చుకోబోతాను. పాట అయిపోతుంది. కిటికీలోంచి చూస్తే, హోసూరు దాటగానే వచ్చే అత్తిబెలె కూడా ఇంకా రాలేదు.