పొరుగింటి గాజుపెట్టెలో కొరమీను పిల్లలు

డెబ్బైల మొదటి సంవత్సరాలలో పటాన్‌చెరులో మేము కిరాయికున్న ఇంటికి రెండు వాటాలు. ఒక దానిలో నేనూ మా అమ్మా ఉండేవాళ్లం. రెండవ దానిలో గోదావరి వైపు నుండి వచ్చిన దంపతులు. ఆయన నేను పనిచేసే కర్మాగారంలోనే ఫోర్‌మన్. నేను అక్కడి ప్రయోగశాలలో సహాయకుడిని. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడిని, అదీ జంతుశాస్త్రం. ఆ సంగతి కొండాపూర్ దగ్గరి మా ఊరిలో మా నాన్న చెప్పని మనిషి లేడు.

ఫోర్‌మన్ భార్యకు ఈ ప్రాంతం చాలాకాలం అలవాటు కాలేదు. భర్త డ్యూటీకి వెళ్లిన తరువాత పలకరించే మనిషి లేక, పుట్టింటికి పోతానని రెండుసార్లు అన్నదట. అప్పుడు ఆయన నగరం నుండి ఒక గాజుపెట్టె, ఆరు చేపలు తెచ్చిపెట్టాడు: రెండు నల్ల మోలీలు, నాలుగు గప్పీలు. ఆ చేపలను చూడడానికే మా అమ్మ మొదటిసారి వారి గడప దాటింది. తరువాత రెండు వాటాల మధ్య కూర గిన్నెలు తిరగడం మొదలైంది. గిన్నె ఏనాడూ ఖాళీగా తిరిగిరాదు. వారి గోంగూర వచ్చిన గిన్నెలో మా సర్వపిండి వెళ్లేది.

ఒక వేసవిలో ఆమె తండ్రికి జబ్బు చేసిందని ఉత్తరం వచ్చింది. ఇద్దరూ బయలుదేరారు. పెట్టెలో నీరు సగానికి తగ్గించి, నలుగురం పట్టి దానిని మా వాటాలోకి మార్చాము.

“తమ్ముడూ, నువ్వు ఈ చదువే చదివావు కదా, నీకు నేను చెప్పేదేముంది? తిరిగొచ్చేసరికి ఇవి కనబడకపోతే మాత్రం నేనిక్కడ ఉండలేను.” నవ్వుతూనే అన్నది, కాని కళ్లు పెట్టె మీదనే ఉన్నాయి.

నెల గడిచింది. గురువారం వస్తున్నామని కార్డు వచ్చింది. మా అమ్మకు దిగులు పట్టుకున్నది.

“గింత పెద్ద పెట్టెల ఆరే చాపలా? నెల దినాలు మనింట్ల పెట్టుకొని, ఎట్లొచ్చింది గట్లనే ఇచ్చేస్తమా? నలుగురు వింటే నవ్వరా?”

గిన్నెకున్న మర్యాద పెట్టెకూ ఉంటుందని ఆమె నమ్మకం. ఊరికి కబురు పంపింది. ఆదివారం నాన్న, మూతికి తడిగుడ్డ కట్టిన కుండతో బస్సు దిగాడు. అందులో పన్నెండు కొరమీను పిల్లలు, మా ఊరి చెరువువి. వేలెడు పొడవు, పక్కల నారింజరంగు గీత మెరుస్తున్నది.

“కుండకు గూడ టికెట్ గావాలన్నడు కండక్టరు. చాపలేమన్న సీట్ల కూసున్నయా అన్న,” అని నవ్వి, కుండను నా ముందర పెట్టాడు. “ఏస్తే ఏం గాదు గద? సదువుకున్నోనివి, నువ్వే జెప్పు.”

కొరమీను శాస్త్రీయ నామం నాకు తెలుసు. గాలి పీల్చుకోవడానికి దాని తలలో ఉండే అరను పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్నాను. అది తోటి చేపలను తింటుందని కూడా చదివాను. కాని ఇవి చిన్నవి అనుకున్నాను. పైగా నాన్న ముఖం వెలిగిపోతున్నది. “ఏం కాదు,” అన్నాను.

మరునాటికి గప్పీలు రెండే కనిపించాయి. ఆరు చేపల నీటిలో అన్ని చేపలు, పైగా ఎండాకాలం. మోలీలు గాలి చాలక పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. “ఆకలైతున్నది పాపం,” అని అమ్మ అన్నం మెతుకులు వేసింది. నీరు తెల్లబడింది. కొరమీనులకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు; ఒక గుక్క గాలి మింగి మళ్లీ కిందికి పోయేవి. మంగళవారం నేను డ్యూటీ నుండి వచ్చేసరికి ఒక మోలీ వెల్లకిలా తేలుతున్నది. గప్పీ ఒక్కటీ లేదు.

కొరమీనులను బకెట్లోకి తీసి పటాన్‌చెరు చెరువులోనే వదిలి వచ్చాను. నాన్న తరువాత ఎప్పుడడిగినా అవి బాగున్నాయనే చెప్పాము; చెరువులో బాగానే ఉండి ఉంటాయి.

ఆనాడు నాకు తట్టిన ఆలోచన చెప్పడానికి ఇప్పటికీ సంకోచమే. బుధవారం నగరానికి వెళ్లి, అచ్చం అటువంటివే అయిదు తెచ్చి వేస్తే ఎవరికి తెలుస్తుంది?

అమ్మ ఒప్పుకోలేదు. “దినాం చూసుకునేదానికి తెల్వదా? దొంగచాపలు పెట్టి, రేపు దాని మొగం ఎట్ల చూడాలె కొడకా?”

గురువారం వారు సామాను దించకముందే వాకిట్లోనే చెప్పేసింది. “తప్పయింది బిడ్డా. నీ చాపలను మేమే సంపుకున్నం.” కొరమీనులను వేయవచ్చునన్నది నేనేనని నేను చెప్పాను. ఫోర్‌మన్ భార్య మా వాటాలోకి వచ్చి, పెట్టె ముందు కూర్చుని, మిగిలిన మోలీని చాలాసేపు చూసి, “ఇదన్నా తింటోందా?” అని మాత్రం అడిగింది. మరునాడు ఫోర్‌మన్ నాతో, “మీ అక్క రైలు వేళలు అడుగుతోందయ్యా,” అన్నాడు.

శనివారం ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. “పిన్నిగారూ, రేపు చేపలు తేవడానికి వెళ్తున్నాం. మీరూ రండి.”

“నేనెందుకు బిడ్డా, ఇంకిన్ని సంపెటందుకా?”

“ఏది ఎవర్ని తింటుందో ఇప్పుడు మీకే బాగా తెలుసు కదండీ!”

అమ్మ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

నగరంలోని చేపల దుకాణంలో అమ్మ ప్రతి తొట్టి దగ్గరా ఆగింది. “ఇది ఎంత పెద్దగైతది? పక్కదాన్ని కర్సుతదా? ఒక్కతే ఉంటదా, జతల ఉంటదా?” మూడేళ్లు చదివి నేను అడగని ప్రశ్నలవి.

ముసలి దుకాణదారు విసుగు నటించాడు. “చాపలు కొనెటందుకు వచ్చిన్రా అమ్మా, పిల్లకు సంబంధం చూసెటందుకా?”

“రెండొకటే సాబ్.”

పొడవాటి రెక్కల నీలిచేప ఒకటి నాకు నచ్చింది. “అది ఫైటర్. అకేలా ఉంటది. వేరేదాన్ని కలిపితే పరేషాన్,” అన్నాడు దుకాణదారు. ఫోర్‌మన్ బంగారుచేపలను చూపిస్తే, అవి ఎంత పెరుగుతాయో అరచేయి చాచి చూపించాడు. “వేలంత చాపకు చిన్న బిందెడు నీళ్లుండాలె. మీ పెట్టెకు ఎన్ని బిందెలు?”

“ఆరు,” అన్నది ఫోర్‌మన్ భార్య వెంటనే. అన్ని బిందెలూ మోసి పోసేది ఆమే.

ఒక మోలీని, నాలుగు గప్పీలను వెడల్పాటి సీసాలోకి దించాడు. “ఇంకో జత తీసుకుందామా?” అని ఫోర్‌మన్ అంటుండగానే అమ్మ సీసా మూతి మీద అరచేయి పెట్టింది. “వద్దయ్యా. చాలు.”

తిరుగు బస్సులో సీసా ఫోర్‌మన్ భార్య ఒడిలో ఉన్నది. కొంతదూరం పోయాక ఫోర్‌మన్ మెల్లగా, “మరి ఆ రైలు సంగతి?” అన్నాడు.

ఆమె సీసా మీది నుండి కళ్లు తిప్పలేదు. “మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి కదండీ. ఎలా వెళ్తాను?”

అమ్మ చెయ్యి చాచి, గాలి ఆడేలా సీసా మూతను కొద్దిగా వదులు చేసింది.