మూతలు పెట్టని మరిది

వదినకు ఒక్కగానొక్క మరిది. మనిషి వెన్న. ఒకటే జబ్బు, దేనికీ మూత పెట్టనివ్వడు. గోడగడియారానికి వెనక రేకుండదు. రేడియోకి పైడొప్పుండదు. మిక్సీ అయితే పేగులన్నీ బయటపెట్టుకుని గిర్రున తిరుగుతుంది.

"ఇదేం పిచ్చయ్యా?"

"లోపలేం జరుగుతోందో తెలియాలిగా వదినా!"

అలాంటివాడికి ఆఫీసులో ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల యాప్ అప్పజెప్పారు. ప్రోగ్రాం రాసేవాళ్ళు తప్పులు వెతుక్కునే తెర ఒకటుంటుంది, డీబగ్ తెర. లోకమంతా దాన్ని జనం కంటబడకుండా దాస్తుంది. మనవాడు దానికో ఎర్ర బటన్ చేసి, ముక్కుమీద మొటిమలా ప్రతి పేజీకీ అతికించాడు.

మేనేజరు తల పట్టుకున్నాడు. "తినేవాడికి పొయ్యి చూపిస్తావేంటయ్యా! జనం దడుచుకుంటారు. రేపు పెద్దడాక్టరమ్మ చూడ్డానికొస్తోంది. ఆవిడకి నచ్చకపోయిందా, ఎల్లుండి నువ్వు నాకు కనబడవు."

"ముందు మామూలు మనిషొకరు వాడి చూపిస్తారు సార్. అప్పుడు తీసేయమంటే తీసేస్తా."

ఆ మామూలు మనిషి వదినే. భర్త పోయినప్పట్నుంచీ, ఏడాదిగా, ఆవిడ నోట మాట రావడమే గగనం. "నాకేం చదువొచ్చని!" అంటున్నా లాక్కెళ్ళాడు.

మర్నాడు గదినిండా జనం, ముందు వరసలో డాక్టరమ్మ. వదిన గడులు నింపి నొక్కింది. "వివరాలు తప్పు" అంది యాప్. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే పాట. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "చెప్పానా, నాకు రాదని," అంటూ లేవబోయింది.

"ఎర్రది నొక్కు వదినా!"

నొక్కింది. చీమలబారులా అక్షరాలు పరిగెత్తాయి. అడుగున తేటగా రెండు ముక్కలు ఆగాయి: "భర్త ఫోన్ నంబరు లేకపోతే ముందుకు పోనివ్వొద్దని మేమే రాశాం. తప్పు మాది, మీది కాదు."

మరిది నోరు తెరిచాడు. ఆ గడి సంగతి అతనే మర్చిపోయాడు.

వదిన రెండుసార్లు చదివింది. "తప్పు నాది కాదట!" అని ఒక్క అరుపు అరిచింది. మేనేజరు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "ఇక్కణ్ణుంచే ఎంతమంది వెనక్కి పోయారో! గడి తీసేయండి. బటన్ ఉంచండి. అబ్బాయిని కూడా."

మేనేజరు ఎర్ర బటన్ వెనకున్నవన్నీ తిరగేశాడు. నలభై రకాల పొరపాట్లు, నలభైకీ తేలిక మాటలు, ప్రతిదాని చివరా "తప్పు మాది".

"ఇవన్నీ ఎప్పుడు రాశావయ్యా?"

మరిది గొంతు తగ్గించాడు. "బస్సు టికెట్టు రాకపోయినా వదిన 'నాకే తెలివి లేదు' అని ఫోను బోర్లించేది సార్. అప్పట్నుంచీ రాస్తున్నా."

మేనేజరు వదిన పక్కకి కుర్చీ జరుపుకున్నాడు. "అమ్మా, మా యాప్‌లో ఇంకేమైనా తప్పులు కనబడ్డాయా?"

వదిన కళ్ళజోడు సర్దుకుంది. "కాగితాలు తెచ్చుకోండి బాబూ," అంది. "ఒకటి చాలదు."