అతుకు దగ్గర మనిషి

మా మేస్త్రీ పోయారు. మొన్న పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి, "మీ అన్న టీ కావాలన్నాడు మ్మా. నేను తెచ్చేలోగా గోడకు ఆనుకొని అట్లే పోయినాడు" అన్నారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పారట. నాకు ఆశ్చర్యం కలగలేదు. రెండేళ్లుగా ఆ గుండె మీద ఎంత బరువుందో పక్కనుండి చూసినదాన్ని.

పావగడ బస్టాండు వెనక, బండ్లకు కెమెరాలు బిగించే అంగడి ఆయనది. డిప్లొమా అయ్యాక నేను పనిలో చేరింది అక్కడే. సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే నీళ్ల ట్యాంకర్లే మాకు ఎక్కువగా వచ్చేవి. వరసల మధ్య దారి ఇరుకు కాబట్టి ట్యాంకరుకు ముందూ వెనకా, రెండు పక్కలా నాలుగు కెమెరాలు పెడతాం. నాలుగు బొమ్మలనూ కలిపి, బండిని పైనుంచి చూస్తున్నట్టు డ్రైవరు ముందు స్క్రీన్ మీద చూపిస్తాం. బొమ్మకూ బొమ్మకూ మధ్య మూలల్లో అతుకులు పడతాయి. అక్కడ ఒక బొమ్మ ఇంకోదానిలో ఎంత మేర కలిసిపోవాలో సరిచేయడమే ఈ పనిలో కష్టం.

నేను ల్యాప్‌టాప్ పట్టుకుంటే, ఆయన కెమెరాల కొలతలు సరిచూడటానికి బండి చుట్టూ నలుపు తెలుపు గళ్ల గుడ్డలు పరిచేవారు. మా ఊళ్ల ఫ్లోరైడు నీళ్లకు బిగుసుకుపోయిన మోకాళ్లు ఆయనవి. చక్రం పట్టుకుంటే గాని వంగలేరు. "నిదానం మ్మా, గీత కనపడకూడదు" అనేవారు. బండ్ల వాళ్లకు బొమ్మ నున్నగా ఉండాలి. ఆయన అతుకును సన్నగా లాగి అలాగే చేసి ఇచ్చేవారు. అందరూ మెచ్చుకునేవారు.

రెండేళ్ల కిందట రాయచెర్లు దగ్గర, గొర్రెలు మేపే ఒక ముసలామె మేము కెమెరాలు బిగించిన ట్యాంకరు నీడలో కూర్చుంది. సరిగ్గా వెనక మూల. డ్రైవరు ఎక్కి స్క్రీన్ చూశాడు. ఎర్రమట్టి తప్ప ఏమీ కనిపించలేదు. బండి వెనక్కి తీశాడు. ఆమె అక్కడికక్కడే పోయింది.

విషయం తెలిసి మేస్త్రీ నన్ను తీసుకెళ్లి స్క్రీన్ ముందు కూర్చోబెట్టి, ఆ మూలలో తానే కూర్చున్నారు. "చూడు మ్మా, కనపడతాండానా?"

స్క్రీన్ మీద ఆయన లేరు. రెండు కెమెరాలూ ఆయన్ను చూస్తూనే ఉన్నాయి. కానీ ఆ రెండు బొమ్మల్లోనూ ఆయన ఉన్న చోటునే, మేం సన్నగా లాగిన అతుకు కోసేసింది. లేరని చెప్పాను. ఆయన చక్రం పట్టుకొని లేచారు.

మరునాడు నన్ను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లారు. ముసలామె కోడలు గడపలోనే నిలబడింది.

"ఆ కెమెరాలు సరిచేసింది నేనేనమ్మా. తప్పు నాది, డ్రైవరుది గాదు."

"మీ టీవీలో మా అత్త కనపళ్లేదంట గదా" అందామె. "ఇప్పుడు ఇంట్లోనూ లేదు. ఏం జేస్తావు నువ్వు?"

ఆయన తల వంచుకొని వచ్చేశారు.

ఆ తర్వాత మేము బిగించిన ప్రతి బండినీ వెతుక్కుంటూ వెళ్లి అతుకులు వెడల్పు చేశారు. అలా చేస్తే మూలలో ఉన్న మనిషి రెండుగా, పొగలాగా పలచగా కనిపిస్తాడు. ట్యాంకర్ల యజమానికి అది నచ్చలేదు.

"ఏందప్పా ఇది, దయ్యాల మాదిరి! ముందుండినట్లే చెయ్యి."

"రెండుగా కనపడినా పర్వాలేదప్పా. లేకుండా మాత్రం పోకూడదు."

యజమాని పని ఇంకొకరికి ఇచ్చేశాడు. అంగడి బోసిపోయింది. ఆయన మాత్రం వచ్చిన ప్రతి బండికీ నాలుగు మూలల్లో తానే కూర్చొని అడిగేవారు.

"ఉండానా?"

"ఉండారన్నా."

"సరింగా చూడు. ఉండానా?"

నాకు నిజంగా పని వచ్చింది ఆ ప్రశ్నకు జవాబు చెబుతూనే. ఆయనకు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం కుదరలేదు. అన్నం తగ్గింది, మాట తగ్గింది. చివరి నెలల్లో నవ్వగా నేను చూడలేదు.

ఆయన్ను మంగళవాడలో సొంత చేని గట్టున పూడ్చారు. డ్రైవర్లు చాలామంది వచ్చారు. రాయచెర్లు నుంచి ఆ కోడలు కూడా వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. దగ్గరికి రాలేదు, మట్టి వేయలేదు, మేస్త్రీ భార్యను పలకరించలేదు. గుంత పూడేదాకా రోడ్డు మీదే నిలబడింది.

మేము చేతులు కడుక్కుంటుండగా షేర్ ఆటో వచ్చి ఆమె ముందు ఆగింది. ఆమె ఎక్కలేదు. ఆటో వెళ్లిపోయింది. దాని దుమ్ము అణిగాక కూడా, ఎండలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, చేని వైపే చూస్తూ ఉంది.