పక్కకు తగిలించిన సిలిండర్

మా పెద్దక్క భర్త, మా బావ, మొన్న సోమవారం పొద్దున గోదావరిఖని దవాఖానలో చనిపోయాడు. రాష్ట్రం వచ్చిందని కాలనీలో పటాకులు కాల్చి ఇంకా నెల కాలేదు. ఊపిరితిత్తులు చెడి చాలాకాలంగా ఆయాసపడుతున్నాడు కాబట్టి ఈ కబురు వస్తుందని తెలుసు. తెలిసి ఉండటం దేనికీ అక్కరకు రాలేదు. మందుల కోసం మంచిర్యాల వెళ్ళిన నాకు అక్క ఫోన్ చేసి "బావ పోయిండురా" అనగానే బస్టాండులో ఏ ఊరిదో చూడకుండా ఎదురుగా ఉన్న బస్సెక్కాను.

మేమిద్దరం గనుల రెస్క్యూ జట్టులో పనిచేశాం. పొగలోకి, విషవాయువులోకి వెళ్ళడం ఎలాగూ ఉండేది. మాలో కొందరికి ఇంకో పని కూడా నేర్పారు. గాలి సిలిండర్ వీపుకు కట్టుకుని, గనుల్లో నీళ్ళు నిండినచోట మునిగి, పంపు పైపు మూతికి పట్టిన బురద తీయాలి. ఆ నీళ్ళలో మన చెయ్యి మనకే కనిపించదు. అందుకని జంటగా దిగాలి. నా జంట మా బావ. నేనెప్పుడూ ఆయనకు ఎడమ పక్కనే, ఆయన నా కుడి చేతికి అందేలా.

డ్యూటీ అయ్యాక బావ రబ్బరు గొట్టాలు ఇంటికి తెచ్చి, వాకిట్లో కూర్చుని గోరువెచ్చని నీళ్ళతో కడిగేవాడు. "బట్టలకు సబ్బుండదు గని ఈయన పైపులకు మాత్రం ఉంటది" అని అక్క సణుగుతుంటే, విననట్టు ఇంకాస్త రుద్దేవాడు.

ఆపద వస్తే వాడుకోవడానికి జంటకు ఒక చిన్న సిలిండర్ ఇచ్చేవారు. అందరూ దాన్ని వీపు మీద పెద్దదాని పక్కనే బిగించేవారు. అక్కడైతే అడ్డు రాదు, దేనికీ తట్టుకుని చిక్కదు. బావ మాత్రం రెండు కొక్కేలతో ఎడమ చంక కింద తగిలించుకుని, ఊగకుండా సైకిల్ ట్యూబు ముక్కతో నడుముకు అదిమి కట్టేవాడు.

"కేబుళ్ళకు తట్టుకుంటది బావా, వీపుకే కట్టుకోరాదా" అన్నాను.

"తట్టుకుంటే ఇడిపించుకుందం. వీపుకు కడితే అది నా ఒక్కనికే, బామ్మర్ది. పక్కకుంటే తీసి నీకియ్యచ్చు."

నిజంగానే తట్టుకునేది. మిగతా జంటలు పైకొచ్చి చాయ్ తాగుతున్నా మేమింకా నీళ్ళలోనే ఉండేవాళ్ళం. "అండ్లనే కాపురం పెట్టుండ్రి ఇగ" అని నవ్వేవారు. బావ కూడా నవ్వి, మర్నాడు మళ్ళీ అలాగే తగిలించుకునేవాడు.

ఒక వానాకాలం, లోపల ఉండగానే నా నోటి గొట్టంలోకి బురద చేరింది. గాలంతా బుడగలై పోయింది. పీలిస్తే నీళ్ళే వచ్చాయి. తడుముకుంటూ బావ భుజం దొరకబుచ్చుకుని గుద్దాను. వెంటనే ఇంకో గొట్టం నా పెదవులకు తగిలింది. ఆ తర్వాత కొక్కేలు విప్పి సిలిండర్ మొత్తం నా చేతుల్లో పెట్టాడు. పైకి వచ్చాక నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే "ఏడ్వకురా, ముక్కు పట్టేస్తది. రేపు మళ్ల దిగాలె" అన్నాడు. నా పిల్లలిద్దరూ ఆ తర్వాత పుట్టినవాళ్ళే.

ఆఖరి వారం ఆయనకు ఆక్సిజన్ పెట్టారు. అది పెట్టినా రొమ్ము ఎగిసిపడుతూనే ఉండేది. మాట కూడదీసుకుని "నువ్వు పోయి తినిరా, నేనేడికి పోత" అనేవాడు. నాకు గాలి అందనప్పుడు ఆయన దగ్గర ఇవ్వడానికి ఒకటి ఉంది. ఆయనకు అందనప్పుడు మంచం పక్కన కూర్చుని చూడటం తప్ప నా చేతిలో ఏమీ లేదు. ఈ బాధ నాకు తీరేది కాదు.

దహనం అయ్యాక అందరితో పాటు స్నానానికి గోదావరిలో దిగాను. కళ్ళు మూసుకుని మునిగాను. తెలియకుండానే నా కుడి చెయ్యి పక్కకు చాచుకుంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు పోతున్నాయి, అంతే. ఒడ్డు మీద నుంచి మేనల్లుడు "మామా, లే ఇగ" అని పిలుస్తున్నాడు. ఊపిరి బిగపట్టగలిగినంతసేపూ ఆ చెయ్యి చాపే ఉంచాను.