వెనక ఆడేవాడికి హారన్ కొట్టరు

మా బావ కెల్ నస్కీ గురించి చెప్పాలంటే కారు హారన్ దగ్గర మొదలుపెట్టాలి. శనివారం మధ్యాహ్నం మా డూలన్ ఊళ్ళో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ కంచెకి మూతులు ఆనించి కార్లు నిలబెట్టుకుంటాం. చలికాలం ఆట కదా, ఎవరూ దిగరు. మా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో గుద్దొచ్చు. మనవాడు గోల్ కొడితే అందరం హారన్లు కొడతాం. అందరివీ ఒక ఎత్తు, కెల్ పాత తెల్ల కారుది ఒక ఎత్తు. దూడ కోసం అరిచే ఆవులా ఉంటుంది దాని గొంతు. ఊరవతల గొర్రెలు కాసేవాడికి కూడా తెలిసిపోతుంది, నస్కీ కొట్టాడని.

కెల్ బతుకంతా రైలు కట్ట పక్కన గోధుమ గిడ్డంగి దగ్గర గడిచింది. లారీలు తూచేవాడు, గింజ కొరికి తేమ చెప్పేవాడు, రైతులతో పోట్లాడేవాడు. మా అక్క ఎడ్నాని చేసుకున్నాడు. పిల్లల్లేరు. మోకాలు విరిగేదాకా ఫుట్‌బాల్ ఆడాడు. విరిగాక జట్టుని ఎంపిక చేసే కుర్చీలో కూర్చున్నాడు, ఇక లేవలేదు. ప్రతి గురువారం సాయంత్రం సాధన అయ్యాక కుర్రాళ్ళు క్లబ్బు గదిలో సూప్ తాగుతూ ఉంటే, లేచి నిలబడి ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పేది ఆయనే. ఆ మాటకి ఎదురుండేది కాదు. మనిషికి కోపం ముక్కు మీదే. అయినా ఆయన ఆట చూస్తే చూసినట్టే అని ఊరంతా నమ్మేది. నేనూ నమ్మాను.

ఆ ఏడు ఊళ్ళో ఒకటే చర్చ. రోరీ పెంగెలీ.

రోరీ గొర్రెల బొచ్చు కత్తిరించే పని చేసేవాడు. పొడుగ్గా, మాట తక్కువగా ఉండే కుర్రాడు. ఈ చుట్టుపక్కల వాడంత ఆటగాడు లేడు. కొన్నేళ్ళు అవతలివాళ్ళ గోల్ ముందు నిలబడి లెక్కలేనన్ని గోల్స్ కొట్టాడు. ఆ సీజను మొదట్లో మా కోచ్ గ్రాంట్, కెల్‌ని ఎలాగో ఒప్పించి, వాణ్ణి వెనక లైనులోకి మార్చాడు, అవతలి జట్టు గోల్స్ ఆపడానికి. అప్పట్నుంచి బేకరీలో అదే మాట, పెట్రోలు బంకులో అదే మాట. వాడు అయిపోయాడన్నారు. మోకాలు పోయిందన్నారు. బంతంటే భయం పట్టుకుందన్నారు. ఈ ముక్కలన్నీ మొదట కెల్ నోట్లోంచి వచ్చినవే, ఊరు తిరిగి మళ్ళీ ఆయన దగ్గరికే చేరేవి.

ఆ గురువారం నేను క్లబ్బు గదిలో సూప్ పోస్తున్నాను. గ్రాంట్ మెల్లిగా అన్నాడు, "వాడు పని చేస్తున్నాడు కెల్. మొన్న అవతలి పొడుగోణ్ణి బంతి ముట్టనివ్వలేదు."

"ముట్టనివ్వకపోవడం కూడా ఆటేనా? అయితే మా గేటు కూడా ఆడుతున్నట్టే. గొర్రెల్ని ముట్టనివ్వదు."

అందరూ నవ్వారు. రోరీ గది మూల గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. వాడు నవ్వలేదు.

"నేను ఆట మొత్తం చూశాను," అన్నాడు కెల్. "వాడు ఒక్కటంటే ఒక్కటి చేసింది లేదు. దెబ్బ తగులుతుందని వెనక్కి వెనక్కి పోతున్నాడు. వాణ్ణి గోల్ ముందు నిలబెట్టు. అక్కడ దాక్కోవడానికి చోటు ఉండదు."

"పిరికివాడినంటున్నావా?" అన్నాడు రోరీ మూల నుంచి.

"నా నోటితో చెప్పించకు అబ్బాయ్."

అప్పుడు మాకు తెలియంది మీకు ఇప్పుడే చెప్పేస్తాను. కెల్‌కి చూపు పోయింది. పూర్తిగా కాదు. ఎటు చూస్తే అటు మధ్యలో మసక, అంచుల్లో కాస్త వెలుగు. ఎదురుగా నిలబడ్డ మనిషికి మొహం ఉండదు. ఇది ఎన్నేళ్ళుగానో ఉంది. ఎడ్నా ఒక్కదానికే తెలుసు. అది కార్లో పక్కన కూర్చుని, అల్లుకుంటూ, ఆట అయ్యేదాకా గొణుగుతూనే ఉండేది. ఆయన ప్రాణం తోడేస్తోంది పాపం అనుకునేదాన్ని నేను. తోడబుట్టినదాన్ని, నాకే అర్థం కాలేదు. అది చూసింది చూసినట్టు మొగుడి చెవిలో వేసేది. ఆ సీజనుకి ముందు ఎండాకాలం ఎడ్నా పోయింది. ఆ తరవాత కెల్‌కి మిగిలింది హారన్లు. ఏ గోల్‌కి ఎంత గట్టిగా మోగాయి, ఎవరి పేరు కేకేశారు అన్నదే ఆయన ఆట. వెనక లైనులో బంతిని పిడికిలితో గుద్ది అవతల పడేసినవాడికి ఎవరు కొడతారు హారన్? ఆయన లెక్కలో రోరీ మైదానంలోనే లేడు.

చెప్పొచ్చు కదా అంటారు. చెబితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే కుర్చీ పోతుంది. ఆ రెండూ పోతే ఇంట్లో ఎడ్నా అల్లిక సంచీ, ఆయన. అందుకని చెప్పలేదు. కానీ నా మనవలు సైకిళ్ళు తొక్కే రోడ్డు మీద అలా కారు నడిపాడన్నది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ గురువారం ఆయన మాటే నెగ్గింది. రోరీ గోల్ ముందు. "నేను కుర్చీలో ఉన్నంతకాలం ఇంతే," అన్నాడు కెల్.

శనివారం మా మీదకి పక్క ఊరు బిర్రాక్ జట్టు వచ్చింది. పొద్దుట్నుంచి వాన. స్కోరు బోర్డు పక్కన కెల్ కారుకి ఎప్పుడూ ఒదిలిపెట్టే చోటు బురదయిపోయింది. గేటు దగ్గరవాడు అవతలి వైపుకి చెయ్యి ఊపాడు. కెల్ అటు పోయి కార్ల మధ్య ఖాళీలో దూరాడు. అవన్నీ బిర్రాక్ వాళ్ళ కార్లు.

ఆట మొదలైన కాసేపటికే మా వెనక లైను కుర్రాడికి చీలమండ బెణికింది. గ్రాంట్ ఏం చేస్తాడు, రోరీని మళ్ళీ వెనక్కి పంపాడు. మిగతావాళ్ళు చేతులెత్తేశారు. వాడొక్కడే ఆ చివర బురదలో దొర్లుతూ ఆపగలిగినన్ని ఆపాడు. ఆపలేనివి గోల్స్ అయ్యాయి.

బిర్రాక్ గోల్ కొట్టింది. అవతలి వైపు హారన్లు మోగాయి. వాటి మధ్య ఆవు అరిచింది.

నేను క్యాంటీన్లో మాంసం కూరిన 'పై'లు వేడి చేస్తున్నాను. నా పక్కన రొట్టెకి వెన్న రాస్తున్నది రోరీ తల్లి నోరీన్. కత్తి ఆపి నా వైపు చూసింది.

"పొరపాటున చెయ్యి తగిలి ఉంటుంది," అన్నాను.

ఇంకో గోల్. మళ్ళీ ఆవు. ఈసారి పొడుగ్గా, సంతోషంగా.

"మీ బావకి నా కొడుకంటే ఎందుకంత మంట, థెల్మా?" అంది నోరీన్. కిటికీ ముందు వరసలో నిలబడ్డవాళ్ళు నా మొహం చూడకుండా సాసు సీసా చూస్తున్నారు. నాకు ఏ మూలైనా దూరి కూర్చోవాలనిపించింది. అవతలివాళ్ళ ప్రతి గోల్‌కీ హారన్ కొట్టాడు కెల్. ఒక్కటి ఒదల్లేదు.

ఆఖరి విడత ముందు విరామంలో ఊరంతా మైదానంలోకి నడిచి వెళ్ళి కోచ్ చుట్టూ మూగి వినడం మా దగ్గర ఆనవాయితీ. నేను ఆప్రాన్ కూడా విప్పకుండా పరిగెత్తాను, ఆ హారన్ ఆపడానికి ఆయన కారు తాళాలు లాక్కుందామని. అప్పటికే కెల్ జనంతో పాటు నడిచొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "రోరీ ఏడి?" అని అడిగాడు. ఎవరో రోరీని ముందుకి తోశారు. కెల్ వాడి భుజం మీద గట్టిగా చరిచాడు.

"చెప్పానా లేదా? అదీ నీ చోటు! ఎన్ని కొట్టావు? నేనైతే లెక్క మరిచిపోయాను."

రోరీ జుట్టు దగ్గర్నుంచి మేజోళ్ళ దాకా బురదే. పెదవి చిట్లింది.

"నాతో ఎగతాళా, పెద్దాయనా?"

కెల్ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ ఒక్క మాటతో ఆయనకి అర్థమైపోయింది, ఏ గోల్స్‌కి హారన్ కొట్టాడో. చుట్టూ తిరిగాడు, ఎవరి మొహమైనా దొరుకుతుందేమోనని. ఒక్కటీ దొరకలేదు. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే అక్కడితో పోయేది.

"అవును, ఎగతాళే," అన్నాడు. "నీకు అదే ఎక్కువ."

రోరీ కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆఖరి విడత కూడా ఆడాడు, అయ్యాక చొక్కా విప్పకుండానే తల్లిని తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను కెల్ కార్లో ఎక్కి తలుపు వేసుకున్నాను. తిట్టడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాను. నేను నోరు తెరిచేలోపు ఆయన అడిగాడు, "థెల్, ఎంతతో ఓడిపోయాం?"

స్కోరు బోర్డు ఎదురుగానే ఉంది. గోడంత అంకెలు.

అంకెల్ని చూశాను, ఆయన్ని చూశాను. "ఎప్పట్నుంచి?"

"ఎడ్నాకి తెలుసు."

"మరి ఎగతాళి అన్నావే. ఆ పిల్లాడి మొహం మీద."

"గుడ్డివాణ్ణని చెప్పడం కంటే అది తేలిగ్గా వచ్చింది నోటికి." ఏడుస్తున్నాడు. మా అక్క చచ్చిపోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి. నాకు జాలి వేసింది, అసహ్యమూ వేసింది, ఏది ముందో చెప్పలేను. తాళాలు లాక్కున్నాను. నేనే నడిపి ఇంటి దగ్గర దింపాను. గురువారం నువ్వు చెప్పకపోతే నేను చెబుతానన్నాను.

గురువారం కెల్ నడిచి వచ్చాడు. ఆయన క్లబ్బుకి నడిచి రావడం ఎవరూ ఎరగరు. రోరీ సాధనకి రాలేదు. అందరూ సూప్ తాగుతుండగా వచ్చాడు, ఉతికి మడత పెట్టిన క్లబ్బు చొక్కా పట్టుకుని. బిర్రాక్ వాళ్ళు ఎప్పట్నుంచో పిలుస్తున్నారు, తెలుసు మాకు. చొక్కా గ్రాంట్ ముందు బల్ల మీద పెట్టాడు.

కెల్ కుర్చీలోంచి లేచాడు. "రోరీయేనా వచ్చింది?"

"ఎదురుగానే ఉన్నాగా."

"ఉన్నావు. నాకు కనబడవు. నాకు కళ్ళు లేవురా. నాలుగడుగుల అవతల మనిషెవరో తెలియదు. ఎడ్నా పోయాక నేను ఒక్క ఆట చూడలేదు. నువ్వు ముందు ఆడితే మేలో వెనక ఆడితే మేలో నాకు తెలియదు. శనివారం నేను ఎవరి గోల్స్‌కి హారన్ కొడుతున్నానో కూడా తెలియదు. పిరికివాడు అన్నాను చూడు, అది నేను."

ఎవరో చెంచా కింద పెట్టారు. నేను బల్ల తుడుస్తున్నాను, తుడిచిన చోటే.

రోరీ అడిగాడు, "మరి నేను అయిపోయానని ఎలా చెప్పావు?"

"హారన్లు విని."

"వెనక ఆడేవాడికి హారన్ కొట్టరు, కెల్."

"తెలుసు. ఇప్పుడు తెలుసు."

రోరీ కెల్‌ని ఒదిలేసి మా అందరి వైపు తిరిగాడు. "ఆయనకి కనబడదు. సరే. మీకు కనబడుతుందిగా? మీరు ఇన్ని వారాలుగా ఏం చూశారు?"

గదిలో ఒక్కరమూ తల ఎత్తలేదు. బేకరీ ఆయన ఉన్నాడు, బంకు ఆయన ఉన్నాడు. వానలో కంచెకి ఆనుకుని, అద్దాలు తుడుచుకుని మరీ చూసినవాళ్ళం. ప్రతి శనివారం వాడు గుద్దిన బంతి ప్రతిదీ మా కళ్ళ ముందే పడింది. సోమవారం నాడు కెల్ చెప్పిందే చెప్పుకున్నాం. గ్రాంట్ చొక్కాని వెనక్కి తోశాడు. రోరీ తీసుకోలేదు. "బిర్రాక్ వాళ్ళకి సంతకం పెట్టేశాను," అని వెళ్ళిపోయాడు. వాణ్ణి ఆపడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

ఆగస్టులో, మా చలికాలం ముగిసేలోపే, మేం బిర్రాక్ వెళ్ళాం ఆటకి. కెల్‌ని నా కార్లో తీసుకెళ్ళాను. కుర్చీ ఎప్పుడో ఒదిలేశాడు, కారు అమ్మేశాడు. ఎడ్నా కూర్చునే వైపు ఇప్పుడు ఆయన కూర్చుంటాడు, గొణిగే పని నాది. మా ఊరి కార్ల మధ్యలోనే నిలబెట్టాను. అది మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

రోరీ నీలం చొక్కాలో, వాళ్ళ వెనక లైనులో ఉన్నాడు. ఆట బిగిసింది. మావాడు గోల్ వైపు ఎత్తి కొట్టాడు, మా పొడుగాటి కుర్రాడు చేతులు చాచాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడో రోరీ, గాల్లోకి లేచి పిడికిలితో బంతిని గీత అవతలికి గుద్దేశాడు.

"ఏమైంది?"

"రోరీ గుద్దేశాడు. మన గోల్ పోయింది."

కెల్ నా ఒడి మీదుగా చెయ్యి చాపి, స్టీరింగ్ తడుముకుని, హారన్ నొక్కి పట్టాడు. నా కారుది సన్న గొంతు. అయినా మైదానమంతా వినబడింది. అటూ ఇటూ కార్లలో మావాళ్ళు తలలు తిప్పి చూశారు. నస్కీ అని తెలిశాక ఒకరి తరవాత ఒకరు తలలు దించుకున్నారు. ఒక్కరూ తిట్టలేదు. కలిసి కొట్టినవాళ్ళూ లేరు. నేను ఆయన చెయ్యి తీసెయ్యలేదు. రోరీ మా వైపు చూడకుండా, నిక్కరుకి పిడికిలి తుడుచుకుని తన చోటికి పరిగెత్తాడు.

"వెనకే ఉన్నాడా ఇంకా?" అన్నాడు కెల్.

"వెనకే."

"అయితే చెబుతూ ఉండు," అన్నాడు, చెయ్యి హారన్ మీదే ఉంచి.