లేసు దారంతో కుట్టిన పుస్తకం

నా ఏడో కవితా సంపుటి కట్టలు ఈ ఉదయం రాజమండ్రి ప్రెస్సు నుంచి వచ్చాయి. విప్పగానే జిగురు వాసన వేసి, నరసాపురంలో మా వసారా గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకు జ్ఞాపకముందా? నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలు, అట్టకి పాత క్యాలెండరు, అంటించడానికి ఉడికించిన మైదా.

నా మొదటి పుస్తకం నాకు పదేళ్లప్పుడు ఆ వసారాలోనే అలా తయారైంది. లేసు అల్లే మా అక్క తన దారంతోనే కుట్టింది. కుట్టేముందు చదివి, పెన్సిలుతో సగం పాదాలు కొట్టేసింది.

"ఇదేంటక్కా, అన్నీ తీసేశావ్!"

"ఒక్క అల్లిక తప్పితే పువ్వంతా విప్పేస్తాంరా మేం. నీ కవిత్వమేమైనా పైనుంచి దిగొచ్చిందా?"

అలిగి, అవన్నీ మళ్లీ రాసుకున్నాను.

చదవకుండానే ముందుమాటలు రాసిన పెద్దలను, పుట తిప్పకుండా పెదవి విరిచిన విమర్శకులను ఈ శీర్షికలో చాలాసార్లు కడిగేశాను. నిజంగా చదివింది అక్క ఒక్కతే. ఏ పుస్తకమైనా అచ్చయ్యాకే ఆమెకు పంపేవాడిని, ఇక దిద్దడానికి వీల్లేకుండా.

అక్క పోయి మూడేళ్లు. ఇవాళ పెన్సిలు పట్టుకుని కొత్త పుస్తకం చదివాను. మొదటి కవితలోనే సగం కొట్టేశాను. మిగతా కాపీలన్నీ ఆ పాదాలతోనే గదిలో అలాగే ఉన్నాయి.