ఆపా ఆరబెట్టిన నేల

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. "టీచరమ్మా, అమ్మీ పోయింది," అంది అవతలి నుంచి ఆపా బిడ్డ. నల్లగొండలో తలుపులకూ కిటికీలకూ పాలిష్ పెట్టించుకున్న చాలామందికి ఆపా తెలుసు. చిన్నా పెద్దా అందరూ ఆపా, అంటే అక్కా అనే పిలిచేవారు, నేనూ అంతే. మా డాన్సు క్లాసు ఇవాళ నడుస్తోందంటే ఆమె చలవే. ఆ మాట ఆమె ఉండగా అంటే "అబ్బో, షురూ జేసినవా" అని కసిరేది. ఇప్పుడు కసరడానికి లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

జిల్లాలు చీలిన ఏడాది, ఆముదాల వ్యాపారం చేసిన కుటుంబం వాళ్ల పాత భవనంలో పై హాలు కిరాయికి తీసుకున్నాను. టేకు చెక్కల నేల. గచ్చు మీద ఆడి ఆడి మా పిల్లల మడమలు నొచ్చేవి. ఆ చెక్కలు చూడగానే నా కాలు నిలవలేదు. పట్నం నుంచి పనివాళ్లను పిలిపిస్తే మిషను పెట్టి గీకి, అద్దంలా వార్నిష్ పూసి పోయారు. ఎన్నాళ్లయినా అది ఆరలేదు! అడుగు వేస్తే పాదం అంటుకునేది, ఎత్తబోతే పట్టి లాగేది. ఒక పాప అడుగు పడక ఏడుస్తూ కూలబడింది. తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించసాగారు. ఓనరు మొహమాటం లేకుండా చెప్పాడు: "దసరా దాంక జూస్త టీచరమ్మా. అప్పటికి గూడ క్లాసు నడ్వకుంటే కోచింగ్ సెంటరోళ్లకు ఇచ్చేస్త." ఏళ్ల తరబడి నడుపుకొచ్చిన క్లాసు. ఆ హాలు పోతే ఊళ్లో నాకు ఇంకో జాగా దొరకదు.

ఓనరు భార్యే ఆపాకు కబురు పంపింది. ఆపా భర్త పాలిష్ మేస్త్రి. ఆయన పోయాక ఆ పని ఆమె ఎత్తుకుంది. "ఆడమనిషి పాలిషేంది" అన్నవాళ్లను "బ్రష్షుకు మీసాలున్నయా?" అని అడిగేదట.

వచ్చీ రాగానే చెప్పులు విడిచి, నేల మీద బోర్లా పడుకుంది. చెంప ఆనించి, కిటికీ వెలుతురు వైపు చూస్తూ అలాగే ఉండిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"నిద్ర పట్టిందా ఆపా?"

"ఆ. జర జోకొట్టు."

లేచి వార్నిష్‌లోకి గోరు గుచ్చింది. దిగింది. వాసన చూసి నవ్వింది. "గీ కట్టె ఏండ్ల సంది ఆముదం తాగింది టీచరమ్మా. తాగినోని మీద ఎన్ని దుప్పట్లు కప్పితే ఏంది, వాసన దాగుతదా?"

"మా తాత రోజు ఆముదంతోని తుడిపిచ్చేటోడు. కట్టె మంచిగుంటదని," అన్నాడు ఓనరు, గొప్పగా.

"మంచిగనే ఉన్నది సేటూ. ఆరుడొక్కటే మర్చిపోయింది."

ఆరని వార్నిషంతా గీకేసి, టర్పెంటైన్‌తో తుడిచి, రంపపు పొట్టు పరిచి నూనె పీల్పించింది. మళ్లీ తుడవడం, మళ్లీ పొట్టు. ఆపైన స్పిరిట్‌లో కరిగించిన లక్క పూస్తే లోపలి నూనె పైకి రాదని, దాని మీద వార్నిష్ నిలుస్తుందని చెప్పింది. లక్క పూసిన రోజు ముసురు పట్టింది. పూసిన చోటల్లా బూడిద చల్లినట్టు తెల్లబడింది. నా బతుకు ఇంతేననుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. ఆపా వచ్చి పక్కన కూర్చుంది.

"తప్పు నాదే. మబ్బు జూసి గూడ పూసిన. నీ మొకం జూస్తే ఆగబుద్ధి గాలె," అంది. ఆ వెంటనే, "ఏడ్వాల్నంటే కిందికి పోయి ఏడువు. ఈడ ముందే తేమున్నది," అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది నాకు.

ఎండ కాసిన రోజు, స్పిరిట్ అంటీ అంటనట్టున్న గుడ్డతో రుద్దింది. ఆమె చెయ్యి కదిలిన చోటల్లా తెలుపు విడిపోయి టేకు రంగు తేలింది. ఇక చివరి పూత దగ్గర మా ఇద్దరికీ గొడవ. ఫొటోలకు బాగుంటుందని నేను మెరుపు అడిగాను.

"మెరుపు గావాల్నా, పిల్లల కాళ్లు గావాల్నా? జారి పడితే నువ్వు మోస్తవా?"

మెరుపు లేని వార్నిషే పూసింది, లోపలి మూల నుంచి వెనక్కి వెనక్కి జరుగుతూ గడప దాకా. తలుపు మూసి తాళంచెవి కొంగున ముడేసుకుని పోయింది. నేను రోజూ వాళ్లింటికి పోయి అడిగేదాన్ని. "పైన ఆరితే ఆరినట్టు గాదమ్మా. చాయ్ తాగి పో," అనేది. అలా ఎన్ని చాయ్‌లు తాగానో! దసరాకు ముందే తాళంచెవి నా చేతిలో పెట్టింది. మాన్పించిన తల్లులు కూడా పిల్లల్ని తిరిగి తీసుకొచ్చారు.

ఆ తర్వాత ఆ వీధిన పోయినప్పుడల్లా కింద నిలబడి పిల్లల అడుగుల చప్పుడు వినేది. పైకొచ్చి ఒక్కసారి ఆట చూడమని ఎంత పోరినా వచ్చేది కాదు. "ఆట నాకేం దెలుస్తది? నేల మంచిగ పల్కుతాంది, సాలు," అనేది. ఆ మొండితనం మీద నాకిప్పటికీ కోపమే. ఒక్కసారి చూసి ఉండాల్సింది.

ఆ ఆదివారమే వాళ్లింట్లో ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. ఆమె ముఖం చూశాను. మగవాళ్లు తీసుకుపోవడానికి సిద్ధమవుతుంటే లేచి హాలుకు వచ్చాను. క్లాసు లేదని చెప్పడమే మర్చిపోయాను. పిల్లలు అప్పుడే కింద పంపు దగ్గర కాళ్లు కడుక్కుని పైకెక్కారు.

"మన నేల జేసిన ఆపా పోయింది," అన్నాను.

ఆపా జనాజాను భుజాలకెత్తి ఆ వీధిలోంచే తీసుకుపోయారు. పిల్లలు కిటికీల దగ్గర వరుసగా నిలబడ్డారు. మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూసి వెనక్కి వచ్చారు. వాళ్లు నిలబడిన చోట తడి పాదాల గుర్తులు, వేళ్లన్నీ వీధి వైపు. ఏడుపు ఆగక నేను వాటినే చూస్తూ ఉండిపోయాను. ఒక్కొక్కటి అంచుల నుంచి సన్నబడి ఆరిపోయింది. చివరిది మా పిల్లలందరిలోకీ చిన్న పాపది. అదీ ఆరాక అక్కడ ఉత్త టేకు చెక్క, ఒక్క మరక కూడా లేకుండా.